కెపాసిటర్ కొనే ముందు లోడు చూడు

అల్లుడూ,

ఆటోనగర్‌లో ఆ చిన్న ఫ్యాక్టరీకి పవర్ ఫ్యాక్టర్ ప్యానెల్, అంటే లాగే కరెంటులో పనికొచ్చే వంతుని కెపాసిటర్లతో పెంచే ప్యానెల్, నువ్వే డిజైన్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన కాగితం చూశాను. మొదటి లైనులోనే "50 కేవీఏఆర్, రెండు స్టెప్పులు" అని రాశావు, అంటే 25 చొప్పున రెండు విడతలుగా ఎక్కే కెపాసిటర్లు (కేవీఏఆర్ వాటి సామర్థ్యపు కొలత). ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం ఎక్కడా లేదు.

ముందు ఒక వారం లోడు రాసుకో. షిఫ్టు నడిచేటప్పుడు, భోజనాల వేళ, రాత్రి, ఆదివారం, అన్నీ కావాలి. మూడు ఫేజులూ విడివిడిగా చూడు. ఆ తర్వాత లెక్క సులువే. పగలు 60 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.75 అనుకో. దాన్ని 0.98కి తేవాలంటే, కరెంటుకీ వోల్టేజీకీ మధ్య ఉండే ఆ రెండు కోణాల టాన్ విలువలు 0.88, 0.20. తేడా 0.68ని 60తో గుణిస్తే దాదాపు 41 కేవీఏఆర్. రాత్రి లోడు 8 కిలోవాట్లకి పడిపోతే అదే లెక్కన ఐదున్నర చాలు. అప్పుడు నీ 25 స్టెప్పు ఎక్కిందంటే లీడింగ్‌లోకి పోతుంది, అంటే కరెంటు వోల్టేజీకి ముందుకి పోతుంది. అందుకే 5, 5, 10, 12.5, 12.5గా విడగొట్టు. మొత్తం 45 అయింది కదా అంటావేమో. 440 వోల్టుల కెపాసిటర్ మన 415 మీద రేటింగ్‌లో 89 శాతమే ఇస్తుంది, అంటే 40.

అక్కడ వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవులు) ఎన్ని ఉన్నాయో తప్పకుండా అడుగు. ఎక్కువుంటే ఉత్త కెపాసిటర్లు పెట్టకు, హార్మోనిక్స్‌తో (50 హెర్ట్జ్‌కి రెట్లుగా వచ్చే కరెంట్లతో) రెజొనెన్స్ వచ్చి ఉబ్బిపోతాయి. కెపాసిటర్‌కి సిరీస్‌లో 7 శాతం రియాక్టర్ (తీగచుట్ట) వేస్తే ట్యూనింగ్ 189 హెర్ట్జ్‌కి, అంటే ఐదో హార్మోనిక్ కింద, దిగుతుంది. కానీ కెపాసిటర్ మీద వోల్టేజీ 446 దాకా పెరుగుతుంది. కాబట్టి 440 రకం పనికిరాదు, 480 గానీ 525 గానీ తీసుకుని కేవీఏఆర్ లెక్క మళ్ళీ మొదట్నుంచీ వెయ్యి.

ఇప్పుడు సీటీ, అంటే కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్, సంగతి. నేను చేసిన మొదటి ప్యానెల్‌లో సీటీని కెపాసిటర్ల ట్యాపింగ్‌కి ఇవతల, లోడు వైపు పెట్టాను. స్టెప్పులు ఎక్కించే రిలేకి కెపాసిటర్ల కరెంటు కనిపించదు, అందుకని ఇంకా లాగింగే (కరెంటు వెనకబడే ఉంది) అనుకుంటూ స్టెప్పులన్నీ ఎక్కించేసింది. తెల్లారి వెళ్ళి చూస్తే ఒక క్యాన్ మూత ఉబ్బి, టెర్మినల్ దగ్గర నల్లగా మాడి ఉంది. ఆ కాలిన నూనె వాసన ఇప్పటికీ మర్చిపోలేదురా. సీటీ మెయిన్ ఇన్‌కమర్ (సప్లయ్ లోపలికొచ్చే చోటు) దగ్గరే ఉండాలి. ఆర్ ఫేజులో సీటీ అయితే వోల్టేజీ వై, బీల నుంచి తీసుకో. లోడు నడుస్తుండగా సీటీ సెకండరీని ఎప్పుడూ విప్పకు.

స్టెప్పుల్ని కలిపే కాంటాక్టర్లు కెపాసిటర్ డ్యూటీవే వాడు. మామూలువి ఇన్‌రష్ కరెంటుకి, అంటే కలిపిన క్షణంలో దూకే కరెంటుకి, అతుక్కుపోతాయి. మన సముద్రపు గాలికి వైర్ల చివరి లగ్గులు పచ్చబడతాయి, టిన్ పూసినవి తెప్పించు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. సప్లయ్ ఆపి ఐదు నిమిషాలు ఆగు, మీటరు పెట్టి చూడు, టెర్మినళ్ళు షార్ట్ చెయ్యి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. మిగిలిన చార్జిని దించే డిశ్చార్జ్ రెసిస్టర్ ఉంది కదా అని నమ్మకు, అది తెగిపోయి ఉన్నా బయటికి తెలీదు.

లోడు కాగితం రాసి పంపు. వచ్చే ఆదివారం గాజువాక వస్తాను, ఇన్‌కమర్ దగ్గర నిలబడి సీటీ చోటు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య