కలల కోసం తాతగారి మాత్రలా? ముందు ఈసీజీ తీయించుకోండి

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు నెలలుగా లూసిడ్ డ్రీమింగ్ (కలలో ఉన్నానని తెలిసి కలగనడం) సాధన చేస్తున్నాను. రాత్రి 12.30కి పడుకుని 4.45కి అలారంతో లేచి, ముప్పావుగంట మెలకువగా ఉండి మళ్ళీ పడుకుంటాను. ఏడింటికి లేవాలి. వారానికి నాలుగు రోజులు ఇలాగే. కలలో స్పృహ వస్తోంది కానీ అర నిమిషంలో చెదిరిపోతోంది. అందుకని మా తాతయ్యకు మతిమరుపుకి రాసిన గాలంటమైన్ 8 ఎంజీ ఐదారుసార్లు వేసుకున్నాను. కల బాగా నిలిచింది, కాకపోతే వికారం. ఒకసారి తెల్లవారుజామున బాత్రూమ్ దగ్గర కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాను, రెండు నిమిషాల్లో సర్దుకుంది. అప్పుడప్పుడు మెలకువ వచ్చాక ఒళ్ళు కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. మైగ్రేన్‌కి ఐదు నెలలుగా ప్రొప్రనలాల్ 40 ఎంజీ రోజుకు రెండుసార్లు వాడుతున్నాను. వికారం లేకుండా 4 ఎంజీ సరిపోతుందా? విటమిన్ బి6 కలపొచ్చా? ఒళ్ళు బిగుసుకునే దశ దాటి నేరుగా కలలోకి వెళ్ళడం ఎలా?
- ఓ పాఠకుడు, మియాపూర్

జవాబు: మూడు ప్రశ్నలు అడిగారు. నేను మాత్రం మీరు ఒక్క ముక్కలో దాటేసిన చోట ఆగుతున్నాను. పడిపోయారు. ఇరవయ్యారేళ్ళ మనిషి తెల్లవారుజామున కళ్ళు బైర్లు కమ్మి పడిపోతే, అది వికారం పక్కన రాసే చిన్న విషయం కాదు. మిమ్మల్ని చూడకుండా, నాడి పట్టకుండా రాస్తున్నాను కాబట్టి ఇదే కారణమని తేల్చి చెప్పలేను. కానీ మీరు ఇచ్చిన వివరాల్లోనే అనుమానించదగ్గ కారణం ఒకటి ఎదురుగా కనబడుతోంది.

మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. గాలంటమైన్ దాన్ని అడ్డుకుంటుంది, రసాయనం పెరుగుతుంది. అల్జీమర్స్‌లో జ్ఞాపకశక్తికి ఇచ్చేది అందుకే. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర కూడా చాలావరకు ఈ రసాయనం మీదే నడుస్తుంది, కాబట్టి కల చిక్కబడటంలో వింత లేదు. అయితే ఇదే రసాయనం వేగస్ నరం ద్వారా గుండె వేగాన్ని తగ్గిస్తుంది, పేగుల్ని కదిలిస్తుంది. మీకు నచ్చిన కలా, నచ్చని వికారమూ, బాత్రూమ్ దగ్గర పడటమూ ఒకే పని తాలూకు మూడు ముఖాలు కావచ్చు. మాత్ర ఒకటి మింగి దానిలోంచి కలను మాత్రమే తీసుకోవడం కుదరదు.

ఇప్పుడు దీని మీద ప్రొప్రనలాల్ పెట్టండి. అది కూడా గుండె వేగాన్ని తగ్గించే మందే. రెండూ కలిస్తే నాడి బాగా పడిపోవచ్చు, గుండెలో పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్తు వెళ్ళే దారిలో అడ్డంకి రావచ్చు. మీ తాతగారికి ఈ మందు మొదలుపెట్టినప్పుడు 4 ఎంజీతో రోజుకు రెండుసార్లు, అదీ తిన్న తర్వాత ఇచ్చి, కనీసం నాలుగు వారాలు చూసి ఉంటారు. ఆ తర్వాతే 8కి పెంచుతారు. మీరు ఖాళీ కడుపుతో నేరుగా 8 మింగారు. ఖాళీ కడుపున ఈ మాత్ర సుమారు గంటలో రక్తంలో శిఖరానికి చేరుతుంది. 4.45కి వేసుకుని ఐదున్నర, ఆరు మధ్య మంచం మీంచి ఒక్క ఉదుటున లేచి వెళ్ళి ఉంటే, సరిగ్గా ఆ శిఖరం మీదే లేచి నిలబడ్డారన్నమాట.

చేయాల్సింది చెబుతాను. గాలంటమైన్ ఈ రోజుతో ఆపండి. ఐదారుసార్లు విడివిడిగా వేసుకున్నదే కాబట్టి మెల్లగా తగ్గించాల్సిన పని సాధారణంగా ఉండదు. ఒంట్లో అది సగానికి తగ్గడానికి సుమారు ఏడు గంటలు పడుతుంది, రోజున్నర, రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. ప్రొప్రనలాల్‌ను మాత్రం ఈ ఉత్తరం చదివి ఆపేయకండి. ఠక్కున ఆపితే గుండె దడ, బీపీ ఎదురు తిరుగుతాయి. దాని సంగతి రాసిన డాక్టరే చూడాలి.

ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి 12 లీడ్ల ఈసీజీ తీయించుకోండి. అందులో పీఆర్ ఇంటర్వెల్ (పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్తు చేరడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు దాటిందా, నాడి ఎంత ఉంది అని వాళ్ళు చూస్తారు. మందు ఒంట్లో లేనప్పుడు ఈసీజీ మామూలుగా రావచ్చు, అంతమాత్రాన ఆ రోజు ఏమీ జరగలేదని కాదు. కాబట్టి మాత్ర వేసుకున్న సంగతి దాచకుండా చెప్పండి. బీపీ పడుకోబెట్టి ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడాలి. నిలబడగానే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది నిలబడితే బీపీ పడిపోయే సమస్య, దాని సంగతి విడిగా చూడాలి. ఇంట్లో ఉదయం లేవకముందే మణికట్టు దగ్గర నాడిని పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయకండి, తప్పిన దెబ్బలు తెలియవు. 50కి తక్కువ ఉన్నా, మధ్యమధ్య ఆగుతున్నా, మళ్ళీ కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి ఉన్నా, మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా వారం ఆగకండి, ఆ రోజే వెళ్ళండి. డాక్టర్ సరేననేదాకా బండి నడపకండి. రాత్రిపూట మూత్రానికి లేస్తే మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి, కూర్చునే పోసుకోండి. మగవాళ్ళు నిలబడి పోస్తూ పడిపోయి తల పగలగొట్టుకోవడం మందుల్లేకుండా కూడా జరిగేదే.

ఈ మాత్రను అమెరికాలో సప్లిమెంట్ల సీసాల్లో అమ్ముతారు, నిజమే. అదే మందు మన దగ్గర షెడ్యూల్ హెచ్‌లో ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు, మూర్ఛ ఉన్నవాళ్ళకు, అల్సర్ ఉన్నవాళ్ళకు దీంతో ఇబ్బందులున్నాయి. ‘పరిశోధనలో పనిచేసిందట’ అనేవాళ్ళు 2018లో వచ్చిన అధ్యయనాన్ని చూపిస్తారు. 121 మంది, అందరూ ఈ సాధన మీద ఆసక్తి ఉన్నవాళ్ళే. 8 ఎంజీతో 42 శాతం మందికి, 4 ఎంజీతో 27 శాతం మందికి, మందు లేని ఉత్తుత్తి మాత్రతో 14 శాతం మందికి లూసిడ్ కల వచ్చింది. పనిచేయదని నేను అనడం లేదు. పనిచేస్తుంది కనుకే భయం. పైగా ఆ లెక్క కొద్ది రాత్రుల ప్రయోగానిది. ఇంట్లో ఎవరి చీటీలోంచో మాత్ర తీసి, నెలల తరబడి, మరో గుండె మందుతో కలిపి వాడినవాళ్ళ లెక్క కాదు.

ఇంకో సంగతి. ప్రొప్రనలాల్ ఐదు నెలలుగా వాడుతున్నారు, కలల సాధన మొదలై నాలుగు నెలలు. ఈ మందు మెదడులోకి సులువుగా వెళ్ళే రకం. కలలు రంగులతో, గట్టిగా, ఒక్కోసారి పీడకలలుగా రావడం దీనికి తెలిసిన దుష్ప్రభావమే. మీ సాధన ఫలితం అనుకుంటున్నదాంట్లో కొంత వాటా మైగ్రేన్ మాత్రది అయి ఉండొచ్చు. డాక్టరుతో ఈ మాట కూడా అనండి, బదులుగా వేరే మందులున్నాయి.

మైగ్రేన్ మాట వచ్చింది కాబట్టి నిద్ర లెక్క చూద్దాం. 12.30 నుంచి 4.45 దాకా నాలుగుంపావు గంటలు. ముప్పావుగంట మెలకువ. అయిదున్నరకు పడుకున్నా వెంటనే నిద్ర పట్టదు, ఇరవై నిమిషాలు పోనీయండి. ఏడింటి దాకా ఇంకో గంటా పది నిమిషాలు. మొత్తం అయిదు గంటలా ఇరవై అయిదు నిమిషాలు, అదీ రెండు ముక్కలుగా. మీ వయసుకు ఏడు గంటలకు తగ్గకూడదు. అంటే సాధన చేసిన ప్రతి రాత్రీ గంటన్నర అప్పు, వారానికి నాలుగు రాత్రులంటే ఆరు గంటలకు పైన. నిద్ర ఒక్కో చుట్టూ సుమారు 90 నిమిషాలు, తొలి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజాము చుట్లలో రెమ్ ఎక్కువ. మీరు అలారం పెట్టేది సరిగ్గా రెమ్ చిక్కగా ఉండే చోటికి. అలారం పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు నష్టమో రెండింటికీ అదే జవాబు. తగ్గిన నిద్ర, తెగిన నిద్ర మైగ్రేన్‌ను లేపుతాయి. తలనొప్పి పెరిగితే ప్రొప్రనలాల్ డోసు పెంచమంటారు, డోసు పెరిగితే నాడి ఇంకా తగ్గుతుంది. అందుకే మీ తలనొప్పి డాక్టరుకు అలారం సంగతి తెలియాలి, తెలియకపోతే మందు పనిచేయడం లేదనుకుంటారు.

ఒళ్ళు బిగుసుకోవడం గురించి. ఊళ్ళలో దయ్యం గుండెల మీద కూర్చుందంటారు, మేం స్లీప్ పెరాలసిస్ అంటాం. రెమ్ నిద్రలో కలకు తగ్గట్టు కాళ్ళూ చేతులూ ఆడకుండా శరీరం కండరాలను వదులు చేసి ఉంచుతుంది. మెదడు ముందు మేలుకుని ఆ తాళం ఇంకా తీయకపోతే ఇలా అవుతుంది. ఊపిరి ఆడించే ప్రధాన కండరం, డయాఫ్రమ్, పనిచేస్తూనే ఉంటుంది. పక్కటెముకల మధ్య కండరాలు సహకరించక గట్టిగా గాలి పీల్చుకోలేరు, దాంతో ఛాతీ మీద బరువు అనిపిస్తుంది. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలు. దానంతట అది ప్రాణం తీయదు. నిద్ర తక్కువైనా, వేళలు మారుతున్నా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువవుతుంది. మీ పద్ధతిలో ఈ మూడింట్లో కనీసం రెండున్నాయి. వచ్చినప్పుడు పెనుగులాడకుండా కళ్ళు అటూ ఇటూ తిప్పండి, కాలి బొటనవేలి కొస కదపడానికి ప్రయత్నించండి, ఊపిరిని దాని మానాన వదలండి. పక్కకు తిరిగి పడుకోండి. ‘దాన్ని దాటి కలలోకి ఎలా వెళ్ళాలి’ అన్నదానికి నేను జవాబు చెప్పను. అలారం ఆపి మూడు వారాలు ఏడు గంటలకు పైగా పడుకున్నాక కూడా ఇది వస్తుంటే, పగలు మీటింగుల్లో కునుకు ఆగకుంటే, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలితే, అది సాధన వ్యవహారం కాకపోవచ్చు. నార్కొలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకు లూసిడ్ కలలూ ఈ బిగుసుకోవడమూ సహజంగానే ఎక్కువ. నిద్ర పరీక్ష, మర్నాడు పగటిపూట ఎంత త్వరగా నిద్రలోకి జారుకుంటున్నారో చూసే మల్టిపుల్ స్లీప్ లేటెన్సీ పరీక్ష చేస్తారు. గురక కూడా ఉంటే చెప్పండి.

మీరు రాయలేదు కానీ ఈ సాధనలో పగలంతా చేతివేళ్ళు లెక్కపెట్టుకుంటూ, ముక్కు మూసి ఊపిరి వస్తోందా అని చూసుకుంటూ ‘ఇది కలేనా’ అని పరీక్షించుకోమంటారు. చాలామందికి ఏమీ కాదు. కొందరికి మెలకువలోనూ చుట్టూ ఉన్నవి అద్దం అవతల ఉన్నట్టు, తాను తనకే పరాయిగా ఉన్నట్టు అనిపిస్తుంది. బెన్ గురియన్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన దాంట్లో, పనిగట్టుకుని ఇలాంటి పద్ధతులు పాటించినవాళ్ళలో రెండు నెలల్లో ఆ తరహా లక్షణాలు పెరిగినట్టు కనిపించింది. చిన్న అధ్యయనం, కారణం ఇదేనని అదొక్కటే నిరూపించదు. అయినా మీకు గానీ, తోబుట్టువులు, తల్లిదండ్రులు, మేనమామల్లో ఎవరికైనా గానీ స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉంటే ఈ సాధన జోలికి వెళ్ళొద్దనే నా సలహా. ఇప్పటికే అలా అనిపిస్తుంటే, ఆపిన రెండు మూడు వారాల్లో తగ్గకపోతే సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

బి6 ప్రశ్న చిన్నదే. ఒంటికి కావాల్సింది రోజుకు రెండు మూడు ఎంజీలు, అది తిండిలో వస్తుంది. కలల కోసం 100, 200 ఎంజీలు నెలల తరబడి మింగితే అరికాళ్ళలో తిమ్మిరి, మంట మొదలై నరాలు దెబ్బతినవచ్చు. నరాల బలానికని అమ్మే విటమినే ఈ పని చేయగలదు. వద్దు.

పీడకలలతో బాధపడేవాళ్ళకు కలలో స్పృహ తెచ్చుకునే శిక్షణ కొందరు నిపుణులు వాడుతున్నారు, వాళ్ళ పర్యవేక్షణలో. దానంతట అది వచ్చే లూసిడ్ కల రోగం కాదు, వస్తే రానివ్వండి. అలారం, మాత్రలు వద్దంటున్నాను. 4 ఎంజీతో వికారం తగ్గుతుందా అంటే, తగ్గవచ్చు. అయినా వేసుకోకండి, ప్రొప్రనలాల్ ఇంకా ఒంట్లోనే ఉంది.

చివరికి మీ తాతగారి సంగతి. ఆయన స్ట్రిప్పులోంచి ఐదారు మాత్రలు తీశారు. ఆయనకు డోసులు తగ్గాయా, ఎన్ని రోజులు? ఇంట్లో మందులిచ్చేవాళ్ళకు ఈ విషయం తెలుసా? వరసగా మూడు రోజులకు మించి ఆగి ఉంటే పాత డోసు నేరుగా మొదలుపెట్టకూడదు, మళ్ళీ 4 ఎంజీ నుంచే ఎక్కించుకుంటూ రావాలి. ఈ రోజే స్ట్రిప్పు తీసి, కొన్న తేదీతో సరిచూసి లెక్కపెట్టండి. తేడా వస్తే రాత్రి మాత్ర వేసేలోపు ఆయన న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి.