ద్రోణుడు అడిగింది దక్షిణా, వేతనమా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. ఈమధ్యే విలువిద్య కోచింగులో చేర్పించాం. మొదటిరోజే కోచ్ ‘నారిని మూడు వేళ్లతో లాగాలి, బొటనవేలు తగలకూడదు’ అన్నాడట. ‘మరి ద్రోణుడు బొటనవేలే ఎందుకు అడిగాడమ్మా?’ అని వాడు ఇంటికొచ్చి నన్ను నిలదీశాడు. అదే వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. బొటనవేలు వాడకుండా బాణం వేసే మేలైన పద్ధతిని ద్రోణుడు ఏకలవ్యుడికి నేర్పాడే తప్ప వేలు కోయించలేదట. ‘అంగుష్ఠం’ అన్న మాటను మనవాళ్లే తప్పుగా అర్థం చేసుకున్నారట. నిజమేనా? పనిలో పనిగా ఇంకో సందేహం. ‘బాణం ఎక్కుపెట్టాడు’ అని రాస్తే వాళ్ల తెలుగు టీచరు కొట్టేసింది. అది తప్పా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ముందు మీవాడికి నా తరఫున ఒక శభాష్ చెప్పండి. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఆ అనుమానం రాలేదు. ‘ఆ తర్వాత ఏకలవ్యుడు మళ్లీ విల్లు ముట్టలేదు’ అనే క్లాసులో చెప్పేవాణ్ణి. మా అమ్మమ్మ చెప్పిన కథలో అలాగే ఉండేది. చాలా కాలానికి గాని మూలం తెరిచి చూడలేదు. చూశాక, అన్నేళ్లూ అప్పజెప్పిన పాఠానికి సిగ్గేసింది.

అంగుష్ఠం అంటే బొటనవేలే. దాచిపెట్టిన అర్థాలేమీ లేవు. కాలిదైతే పాదాంగుష్ఠం అంటారు. తెలుగులోనూ చేతికీ కాలికీ కలిపి ఒకే మాట సరిపెట్టుకున్నాం కదా. ఫార్వర్డులోని మొదటి ముక్క అక్కడే రాలిపోయింది.

అసలు చూడాల్సిన మాటలు వేరే ఉన్నాయి. కథ మహాభారతం ఆదిపర్వంలోది, అందరికీ తెలిసిందే: నిషాదరాజు కొడుకును ద్రోణుడు చేర్చుకోలేదు, కుర్రాడు మట్టిబొమ్మను పెట్టుకుని నేర్చుకున్నాడు, మొరిగే కుక్క నోట్లోకి ఏడు బాణాలు కొట్టాడు, అది చూసి అర్జునుడు, ‘నిన్ను మించిన శిష్యుడు నాకుండడు’ అని గురువుగారిచ్చిన పాత మాట ఆయనకు గుర్తుచేశాడు. ద్రోణుడు అడవికి వెళ్లాడు. అక్కడ ఆయన నోట వచ్చిన మాట మనం అనుకునే ‘గురుదక్షిణ’ కాదు. నువ్వు నా శిష్యుడివైతే నా ‘వేతనం’ ఇచ్చెయ్యి అన్నాడు. అవును, మన వేతన సవరణ సంఘంలో ఉన్న వేతనమే. చెయ్యని పనికి జీతం అడిగాడన్న మాట.

ఏమివ్వమంటారు అని పిల్లవాడు అడిగితే వచ్చిన జవాబు: ‘త్వయాంగుష్ఠో దక్షిణో దీయతామ్’. ఇందులో దక్షిణ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ అది అంగుష్ఠానికి విశేషణం, ‘కుడి’ అని అర్థం. ‘కుడి బొటనవేలు ఇవ్వు’, అంతే. గురువుకిచ్చే దక్షిణ చెవిలో మోగేలా కవి ఆ మాట వేశాడనే నా అనుమానం. వినేవాడికి రెండూ వినబడతాయి. ద్రోణుడు మాత్రం కుడిచేతినే చూస్తూ మాట్లాడుతున్నాడు.

విలువిద్యలో దక్షిణ శబ్దానికి అంత బరువుంది. విరాటపర్వంలో అర్జునుడు తన పేర్లకు అర్థాలు చెబుతూ ‘ఉభౌ మే దక్షిణౌ పాణీ గాండీవస్య వికర్షణే’ అంటాడు. గాండీవం లాగడంలో నాకు రెండూ కుడిచేతులే, అందుకే సవ్యసాచి అంటారని. సంస్కృతంలో సవ్యమంటే ముఖ్యంగా ఎడమ. మనం మాత్రం ‘పని సవ్యంగా జరిగింది’ అంటాం, గడియారం తిరిగే వైపును సవ్యదిశ అంటాం. ఆ మాట తెలుగులోకి వచ్చి పక్క మార్చేసింది. ఎందుకు మార్చిందో చెప్పాలంటే ఇంకో వారం కావాలి.

ఇక మీవాడి ప్రశ్న. నారి లాగడానికి ముఖ్యంగా రెండు పట్లున్నాయి. కోచ్ చెప్పింది ఒలింపిక్స్ పోటీల్లో చూసే పట్టు. బాణం తోక పైన చూపుడువేలు, కింద మధ్యవేలు, ఉంగరపువేలు. బొటనవేలికి పని లేదు. రెండోదాంట్లో బొటనవేలిని నారికి కొక్కెంలా తగిలించి, దాని మీద చూపుడువేలిని గొళ్లెంలా వేస్తారు. మొదటిదాంట్లో కుడిచేతివాటం వాడికి బాణం వింటికి ఎడమపక్కన కూర్చుంటుంది, రెండోదాంట్లో కుడిపక్కన. కుడిపక్కన అయితే పొదిలోంచి బాణం తెచ్చిన చెయ్యి వింటిని చుట్టి రానక్కర్లేదు, వచ్చిన దారినే నారికి తొడిగేస్తుంది. వేగం అక్కడ కలిసొస్తుంది.

ఈ రెండో పట్టు కంటితో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఆదివారం మీవాణ్ణి సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి. జేడ్ రాతి వస్తువుల మధ్య షాజహాన్‌దని చెప్పే విలుకాడి ఉంగరం ఉంది. ఇలాంటివి సోకు కోసం చేసినవి కావు, బొటనవేలికి తొడుక్కునేవి. ఒక పక్క సన్నగా ఉండి రెండో పక్క నాలుకలా సాగి ఉంటాయి. నారి కోసెయ్యకుండా వేలి మెత్తని భాగాన్ని ఆ నాలుక కాస్తుంది. పారశీకంలో దీన్ని జిహ్‌గీర్ అంటారు. జిహ్ అంటే అల్లెత్రాడు, అదే వింటినారి; గీర్ అంటే పట్టేది. మన బండ్లగూడ జాగీర్‌లో ఉన్న గీరూ జహాంగీర్ పేరులో ఉన్న గీరూ ఇదే. మొఘలుల ఉంగరం భారతకథకు సాక్ష్యమని నేననడం లేదు. నారి లాగే పనిలో బొటనవేలు ఎంత కీలకం కాగలదో వాడికి చూడగానే తెలుస్తుందని చెబుతున్నాను.

భారతానికి సాక్ష్యం భారతంలోనే ఉంది. వేలు పోయాక కవి ఏమన్నాడో చూడండి: ‘తతః పరం తు నైషాదిరంగుళీభిర్వ్యకర్షత’. అక్కణ్ణుంచి ఆ నిషాదుడి కొడుకు వేళ్లతో లాగాడు. ‘న తథా స తు శీఘ్రోఽభూత్’, మునుపటి అంత వేగంగా లేడు. బొటనవేలు తీసేశాక ‘వేళ్లతో లాగాడు’ అంటే, అంతకుముందు లాగింది బొటనవేలితోనన్న మాట. గురి పోయిందని లేదు. విల్లు వదిలేశాడనీ లేదు. పోయింది వేగం. కుక్క నోరు మూసేలోపు ఏడు బాణాలు కొట్టిన వేగం. ఏ వేలు తీస్తే ఏది పోతుందో లెక్కగా తెలిసిన మనిషి అడిగిన కోరిక అది. వల్లమాలిన కోపంతో అడిగి ఉంటే చెయ్యే అడిగేవాడు.

నా దృష్టిలో ద్రోణుణ్ణి మళ్లీ చూడాల్సింది ఇక్కడే. ఆయన తెలివితక్కువ గురువు కాదు, నిర్లక్ష్యపు గురువూ కాదు. కొడుక్కి పాలు కొనలేని రోజులు చూసి, హస్తినలో కొలువు దొరికించుకున్నవాడు, రాకుమారుడికిచ్చిన మాటకు కట్టుబడ్డవాడు. తన విద్యలో ఆయనకున్న పట్టు ఎంతటిదో ఆ ఒక్క కోరికలోనే తెలుస్తుంది. దాన్ని చూసినకొద్దీ నాకు ఆయన మీద గౌరవమూ పెరుగుతుంది, కోపమూ పెరుగుతుంది.

మేలు చేశాడన్న ఫార్వర్డుకు జవాబు నేను చెప్పనక్కర్లేదు, కృష్ణుడే చెప్పాడు. ద్రోణపర్వంలో ఘటోత్కచుడు పడిపోయాక అర్జునుడితో అంటాడు: నీ హితం కోసమే ద్రోణుడు నైషాదికి, అంటే ఏకలవ్యుడికి, బొటనవేలు లేకుండా చేశాడు, ‘ద్రోణేనాచార్యకం కృత్వా ఛద్మనా’. ఆచార్యుడి పాత్ర కట్టి, కపటంతో. మనం ఛద్మవేషం అంటాం చూడండి, ఆ ఛద్మమే. ఆ తర్వాత కూడా ఏకలవ్యుడు వేళ్లకు తొడుగు కట్టుకుని, బాణాలు వేస్తూ ఒంటరిగా అడవిలో మరో రాముడిలా వెలిగాడని అదే నోటితో అన్నాడు. ‘సాంగుష్ఠం’, అంటే బొటనవేలితో ఉన్న ఏకలవ్యుణ్ణి దేవదానవులు కూడా గెలవలేరనీ అన్నాడు. లాభపడ్డ పక్షమే ఒప్పుకున్న మాట ఇది. ఇక మనం ద్రోణుడికి వకాల్తా పుచ్చుకోవడం ఎందుకు?

మన ప్రభుత్వానికి మాత్రం ఇద్దరూ కావాలి. 1985 నుంచి కోచ్‌లకు ద్రోణాచార్య పేరున అవార్డు, గిరిజన పిల్లల గురుకులాలకు ఏకలవ్య పేరు. రవీంద్రభారతి సభల్లో ‘నేను వారికి ఏకలవ్య శిష్యుణ్ణి’ అని చెప్పుకునేవారిని తరచూ వింటుంటాను. ‘దగ్గర కూర్చుని నేర్చుకోలేదు’ అనే అర్థంలో ఆ వాడుక స్థిరపడిపోయింది, తప్పు పట్టను. అలా అన్నవారి చేతివేళ్లు మాత్రం ఒకసారి లెక్కపెట్టుకుంటాను.

ఎక్కుపెట్టడం సంగతి. పాత వాడుకలో ఎక్కుపెట్టేది వింటిని. దించి ఉన్న నారిని వింటి కొప్పుకు ఎక్కించడం అన్న మాట. రాముడు శివధనుస్సు ఎక్కుపెట్టాడంటాం, అక్కడ బాణం ఊసే లేదు కదా. బాణాన్ని తొడుగుతారు, సంధిస్తారు. కాబట్టి టీచరమ్మ మాటకు ఆధారం ఉంది. కానీ ఇప్పుడు తుపాకీ ఎక్కుపెడుతున్నారు, పేపర్లలో విమర్శలూ ఎక్కుపెడుతున్నారు. ‘గురిచూసి సిద్ధంగా ఉంచడం’ అనే అర్థం ఆ మాటకు వచ్చేసింది. మీవాడు ‘బాణం ఎక్కుపెట్టాడు’ అని రాస్తే నేనైతే మార్కు కొయ్యను. ‘ఏకలవ్యుడు మళ్లీ విల్లు ముట్టలేదు’ అని రాస్తే మాత్రం కోస్తాను, నాతో సహా ఎవరు చెప్పగా రాసినా సరే.