కారణం తెలియకుండా దేవుని మాట వినడం గుడ్డి నమ్మకం కాదా?

కాదు. బైబిల్‌లో రెండవ రాజులు 5వ అధ్యాయం చదవండి. సిరియా సైన్యాధిపతి నయమానుకు కుష్ఠురోగం. ఎలీషా ప్రవక్త గడప దాటి బయటికైనా రాకుండా, యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమని మనిషితో కబురు పంపాడు. నయమానుకు ఒళ్లు మండిపోయింది. ప్రవక్తే వచ్చి, ప్రార్థన చేసి, చెయ్యి ఆడించి బాగుచేస్తాడనుకున్నాడు మరి! మునగడానికైతే మా దమస్కులో అబానా, ఫర్పరు నదులు లేవా అంటూ వెనక్కి తిరిగాడు. పనివాళ్లు నచ్చజెబితే చివరికి దిగి మునిగాడు. ఒళ్లు పసిపిల్లవాడి ఒంటిలా అయింది.

యొర్దానే ఎందుకు, ఏడుసార్లే ఎందుకు? ఎవరూ చెప్పలేదు. కానీ ఇశ్రాయేలు దేవుడు తప్ప వేరే దేవుడు లేడని నయమానుకు తెలిసింది. నా దృష్టిలో కథంతా ఇక్కడే ఉంది: కారణం తెలియలేదు, చెప్పిందెవరో తెలిసింది.

అలాగని ప్రశ్న అడగడం పాపం కాదు. హబక్కూకు అనే ప్రవక్త దేవుణ్ని ఎంతకాలమని నిలదీశాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తొలగించమని అడిగి, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు.

అయితే ఈ విధేయత దేవునికే. ఏ పాస్టరైనా "దేవుడు నాతో చెప్పాడు, ఎందుకని అడక్కు" అంటే మొదటి యోహాను 4:1 చెప్పినట్టు పరీక్షించి చూడాల్సిందే.