చర్చి తరఫున సరదా పరుగు, విరాళాల సేకరణ: పాలకొల్లు వైపు మా అనుభవం

వందనాలండి. మీ సంఘం యవ్వనస్థులు క్రిస్మస్‌కు ముందు 3 కిలోమీటర్ల సరదా పరుగు పెట్టి డయాలసిస్ రోగులకు విరాళాలు పోగు చేయాలనుకుంటున్నారనీ, పల్లెటూళ్ళలో ఇలాంటిది సాగుతుందా అనీ అడిగారు. సాగుతుంది. కాని నగరంలో చూసిన పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే సాగదు. పాలకొల్లుకు దగ్గర్లోని మా సంఘంలో రెండేళ్ళు చేశాం. స్త్రీల సమాజం లెక్కలు నేనే చూస్తాను కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను.

మొదటి ఏడాది మనిషికి 200 రూపాయల రుసుం పెట్టి, టీషర్టు ఇచ్చాం. వచ్చిన దానిలో సగానికి పైగా ఆ టీషర్టులకే పోయింది. నన్ను ఇంకా బాధపెట్టింది వేరే ఉంది. నాట్లకూ కలుపులకూ వెళ్ళే మా అక్కచెల్లెళ్ళు గుడి గేటు దగ్గర కాసేపు నిలబడి చూసి ఇంటికి వెళ్ళిపోయారు. నలుగురున్న ఇంటికి 800 ఎక్కడి నుంచి తెస్తారు? కోత పండుగకు అందరికన్నా ముందు గుమ్మడికాయో అరటిగెలో మోసుకొచ్చేది వాళ్ళే.

రెండో ఏడాది రుసుం తీసేశాం. అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోయడం మా అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న అలవాటు. పరుగుకు నెల ముందు నుంచి ఆ బియ్యం ఈ పనికేనని పాస్టర్ గారు ఆరాధనలో ప్రకటించారు. పరుగు ముగిశాక గుడి ఆవరణలో వేలం పెట్టాం. కొబ్బరికాయలు, గెలలు, ఒక కోడిపుంజు వచ్చాయి. ఒకాయన గుమ్మడికాయ పాడుకుని, డబ్బు కట్టి, కాయను తిరిగి కానుకగా ఇచ్చేశారు. మళ్ళీ పాట మొదలైంది. అలా ఐదుగురు పాడారు. మొదటి ఏడాది వెళ్ళిపోయిన ఆడవాళ్ళు ఈసారి చీర కుచ్చెళ్ళు దోపుకుని పిల్లలతో పాటు పరుగెత్తారు.

దారి విషయం జాగ్రత్త. డిసెంబరుకు సార్వా (వానాకాలపు వరి) కోతలయి రోడ్ల మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాన్ని తీయమని రైతును అడగవద్దు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుంది, ఒక్క పూట ఎండ కూడా వారికి ముఖ్యం. మేము కాలువ గట్టుకు మార్చుకున్నాం. అక్కడ నీటి వైపున ఈత వచ్చిన కుర్రాళ్ళను వరసగా నిలబెట్టండి. మంచు విడిచాకే మొదలుపెట్టండి. పోలీసు స్టేషనులో ముందే ఉత్తరం ఇవ్వండి.

డబ్బు దేనికి వాడాలో రోగుల ఇళ్ళకు వెళ్ళి అడగండి. మేము వైద్యం ఖర్చు అనుకున్నాం. కార్డు ఉన్నవారికి డయాలసిస్ ప్రభుత్వ పథకం కింద ఉచితంగానే జరుగుతోంది. వారి కష్టమంతా రాకపోకలది. వారానికి రెండు మూడు సార్లు వెళ్ళాలి, వెళ్ళిన ప్రతిసారీ యంత్రం మీద నాలుగు గంటలు ఉండాలి, తోడు ఒకరు కావాలి, ఆ తోడు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అందుకే ఆటో కిరాయికీ, తోడు వెళ్ళేవారి భోజనానికీ ఇచ్చాం.

కువైట్‌లో పనిచేసే మన ఆడపడుచులు పంపుతామంటే సందేహించకండి. భారత పౌరులు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరులు ఇస్తే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు ఉండాలి. పన్ను రాయితీ అడిగేవారికి ముందే నిజం చెప్పండి: ఆదాయపు పన్ను శాఖ వద్ద తగిన నమోదు లేని సంఘం రశీదుతో రాయితీ రాదు. నమోదు ఉన్నా, 2,000 రూపాయలు దాటిన నగదుకు వర్తించదు.

తర్వాతి ఆదివారమే లెక్క చదవండి. మేము పేర్లన్నీ చదివాం, ఎవరి పేరు పక్కనా మొత్తం చెప్పలేదు. బియ్యం ఇచ్చినవారి పేర్లు, వేలు ఇచ్చినవారి పేర్లు ఒకే వరసలో వచ్చాయి. ఖర్చుల చీటీలు గుడి గుమ్మం దగ్గర నెలరోజులు అతికించి ఉంచాం.

తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయండి. మీ వేలానికి మా ఊరి నుంచి రెండు గెలలు పంపిస్తాం.