నర్సింగ్ చదివిన అమ్మాయి పబ్లిక్ హెల్త్ వైపు వెళ్తానంటే

ప్రశ్న: మాది పొదిలి. కిరాణా కొట్టు నడుపుతాను. మా పెద్దమ్మాయి నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది చదువుతోంది. స్టాఫ్ నర్సుగా చేరుతుందని, లేదంటే గల్ఫ్ వెళ్తుందని అనుకున్నాం. ఇప్పుడేమో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ప్రజారోగ్యంలో పీజీ) చేస్తానంటోంది. సిస్టమ్స్ థింకింగ్ నేర్చుకుని ప్రజారోగ్య విధానాల మీద పనిచేస్తుందట. అప్పు చేసి చదివించదగ్గ చదువేనా అది? సంబంధాల వాళ్లు అడిగితే ఏం ఉద్యోగమని చెప్పాలి?

జవాబు: నమస్కారమండీ. మీ అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే. కాకపోతే నర్సింగ్ అవ్వగానే ఎంపీహెచ్‌లో చేరొద్దు, ముందు ఒకటి రెండేళ్లు పల్లెలో పనిచేయాలి అన్నది నా సలహా. ఎందుకో తెలియాలంటే తను చెబుతున్నదేమిటో మీకు అర్థం కావాలి. మీ ప్రాంతపు నీళ్ల సంగతే తీసుకుందాం.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ బాధ మీకు నేను చెప్పక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి 1937లో తొలిసారి వైద్య పత్రికలో రాసినప్పుడు, ఆ రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మీ పొదిలి కూడా నెల్లూరులోదే. అంటే కారణం తెలిసి ఎనభై ఏళ్లు దాటింది. అయినా గారపళ్ల పిల్లలు, నడుం వంగిన పెద్దలు ఇంకా కనబడుతూనే ఉన్నారు. ఎందుకు?

వానలు సరిగ్గా పడవు. బోరు ఎండుతుంది. రైతు ఇంకా లోతుకు వేయిస్తాడు. లోతు నీరు రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలవుంటుంది కాబట్టి చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా ఎక్కువే ఉంటుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు తాగొచ్చు అన్నది మన దేశపు ప్రమాణం. అది దాటిందని ఊళ్లో ఆర్వో ప్లాంటు పెడతారు. తాగేది ఇరవై లీటర్ల క్యాను నీళ్లు, అన్నం పప్పు వండేది మాత్రం బోరు నీళ్లు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, అన్నంతోపాటే కడుపులోకి వెళ్తుంది. ఇక ప్లాంటు వదిలే వ్యర్థపు నీటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. దాన్ని పక్కనే వదిలేస్తే మళ్లీ భూమిలోకే ఇంకుతుంది. పాలు, ఆకుకూరలు అందని ఇళ్లలో కాల్షియం తక్కువ కాబట్టి ఎముకల దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఎముకలు బిగుసుకుపోవడానికి ఏళ్లు పడుతుంది. ఈ రోజు తాగితే రేపు జ్వరం వచ్చే జబ్బయితే ఊరంతా రోడ్డెక్కేది. ఇది నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఒత్తిడి రాదు.

ఇప్పుడు చూడండి. బోరు ఒక శాఖది, కరెంటు ఇంకో శాఖది, నీటి పరీక్ష మరొకరిది, పిల్లల తిండి అంగన్‌వాడీది, నొప్పుల మాత్ర పీహెచ్‌సీది. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తుండొచ్చు. అయినా జబ్బు తగ్గదు. ఒకదాని ఫలితం ఇంకోదానికి కారణమై, తిరిగి మొదటిదాన్నే ఎలా పెంచుతోంది, మధ్యలో ఎన్నేళ్ల ఆలస్యం ఉంది, ఎక్కడ పట్టుకుంటే మిగతావి కదులుతాయి అని మొత్తం కలిపి చూడటమే మీ అమ్మాయి చెప్పే సిస్టమ్స్ థింకింగ్. అలా చూసినప్పుడు ఊరూరా ఇంకో ప్లాంటు కంటే సాగర్ కాలువ నీటిని సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల్లో నింపి, వంటకు సరిపడా కుళాయిల్లో ఇవ్వడం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. 1950ల్లో అమెరికాలోని ఎంఐటీలో జే ఫారెస్టర్ ఫ్యాక్టరీల ఇబ్బందులు విప్పడానికి తయారుచేసిన పద్ధతే తర్వాత ఆరోగ్య రంగానికీ వచ్చింది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను కూడా గుర్తుచేసుకోండి. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాట సారా దుకాణాలు మూయించే ఉద్యమమైంది, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆరోగ్యాన్ని మార్చే మీట ఆసుపత్రిలోనే ఉండాలని లేదు. ఆ తర్వాత 1995లో వచ్చిన పూర్తి మద్యనిషేధాన్ని రెండేళ్లకే సడలించారు. మద్యం మీద వచ్చే ఆదాయం లెక్క అటువైపు లాగింది. విధానాలు రాసేవాళ్లు ఈ రెండు కథలనూ కలిపే చదవాలి.

పల్లెలో పని ఎందుకంటున్నానంటే, ఇదంతా క్లాసులో బొమ్మ గీస్తే వచ్చేది కాదు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సీహెచ్‌ఓగానో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ఏదైనా ఫీల్డ్ ప్రాజెక్టులోనో చేస్తే ఆశా కార్యకర్త రోజు ఎలా గడుస్తుందో, రిపోర్టులో అంకె ఎలా పుడుతుందో తెలుస్తుంది. ఆ అనుభవం ఉన్న నర్సుకు ఎంపీహెచ్‌లో ప్రతి పాఠం వేరుగా అర్థమవుతుంది, ఇంటర్వ్యూలో కూడా విలువ ఉంటుంది. చేతిలో నాలుగు డబ్బులుంటే అప్పూ తగ్గుతుంది. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దు.

ఎంపీహెచ్ మామూలుగా రెండేళ్లు. హైదరాబాద్ ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరువనంతపురం శ్రీచిత్ర, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) మొదట చూడదగ్గవి. అర్హతలు, ఫీజులు ఒక్కో చోట ఒక్కో రకం, ఆ ఏటి ప్రకటన చూసే నిర్ణయించుకోండి. సిలబస్‌లో ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) గట్టిగా ఉన్నాయా, ఫీల్డ్ వర్క్ ఎన్ని నెలలు అని అడగండి. పేరు మాత్రమే గొప్పగా ఉండి ఫీల్డ్ లేని కోర్సుకు లక్షలు పోయొద్దు. లెక్కలంటే మీ అమ్మాయికి భయముంటే ఇప్పుడే పోగొట్టుకోవాలి. గణాంకాలకు ఆర్, మ్యాపులకు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, సిస్టమ్స్ నమూనాలు గీసే వెన్‌సిమ్‌లో విద్యార్థులకు ఉచిత వెర్షన్ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 నివేదికలో ప్రకాశం, నెల్లూరు జిల్లాల అంకెలు నెట్‌లోనే ఉన్నాయి. ఈ సెలవుల్లో రెండు జిల్లాల్లో రక్తహీనత పక్కపక్కన పెట్టి చూడమనండి.

ఉద్యోగాల విషయం దాచను. నేషనల్ హెల్త్ మిషన్‌లో, ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టువే. మొదటి మూడు నాలుగేళ్లు జీతం గల్ఫ్ నర్సుతో పోటీ పడదు, ప్రాజెక్టు ముగిస్తే కొత్తది వెతుక్కోవాలి. ఇంటి అవసరాలు ఆ టెన్షన్ తట్టుకోలేని స్థితిలో ఉంటే ముందు నర్సు ఉద్యోగంలో స్థిరపడి, తర్వాత వెళ్లనివ్వండి. నర్సింగ్ డిగ్రీ ఉంది కాబట్టి చేతిలో పని లేని పరిస్థితి రాదు.

సంబంధాల వాళ్లు అడిగితే ప్రజారోగ్యంలో పనిచేస్తుందని చెప్పండి. అదేం పనో వివరంగా అడిగితే అమ్మాయినే చెప్పనివ్వండి, మీకంటే తనే బాగా చెబుతుంది.