ఆర్సీ మీ పేరు మీదే, మరి యాప్?

ప్రశ్న: తిరుపతిలో ఒకాయన మూడేళ్లు వాడిన కారును ఆరు నెలల కిందట కొన్నాను. ఆర్సీ నా పేరు మీదకు మారింది. మొన్న ఇంటిల్లిపాదీ మహానంది వెళ్లాం. కోనేటి దగ్గర ఉండగా ఆయన ఫోన్ చేసి "ఏం సార్, మహానందిలో ఉన్నట్టున్నారు, దర్శనం బాగా జరిగిందా?" అని నవ్వుతూ అడిగాడు. మేం వెళ్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి మా ఆవిడ ఆ కారెక్కనంటోంది. ఆయనకెలా తెలిసింది? (కర్నూలు పాఠకుడు)

దాదాపుగా మీ కారే చెప్పి ఉంటుంది. 2019లో ఎంజీ హెక్టర్, హ్యుందాయ్ వెన్యూ, మన పెనుకొండ దగ్గర తయారైన కియా సెల్టోస్ వచ్చినప్పుడు 'కనెక్టెడ్ కారు' అన్న మాట ఊరూరా మోగిపోయింది. ఫోన్‌లో కారు కంపెనీ యాప్ ఉంటే అందులోంచే ఏసీ వేసుకోవచ్చని అందరం సంబరపడ్డాం. ఏప్రిల్ ఎండలో నిలబెట్టిన కారు మనం ఎక్కేలోపు చల్లబడి ఉండటం అనంతపురం వాడికి చిన్న సుఖమేం కాదు, నేనూ దానికే పడిపోయాను. అయితే ఏసీ వేయమనే ఆదేశం కారులోనే అమర్చిన ఏ ఈ-సిమ్ ద్వారా లోపలికి వస్తుందో, కారు ఎక్కడుందన్న కబురు కూడా దాని ద్వారానే బయటికి పోతుంది.

ఫారం 29, 30 మీద సంతకాలు పెడితే రవాణా శాఖ రికార్డు మారుతుంది. కంపెనీ సర్వర్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పరు. దాని లెక్కలో ఓనరు ఇప్పటికీ తిరుపతి ఆయనే. ఆయన చెడ్డవాడని నేననను, యాప్ తెరిస్తే కనపడి ఉంటుంది, ఉండబట్టలేక అడిగేశాడు. కానీ ఇలాంటి చాలా యాప్‌లలో డోర్ లాక్ తీసే బటన్ కూడా ఉంటుంది. కాబట్టి రేపటికి వాయిదా వేయకండి.

ముందు ఆయనకే ఫోన్ చేసి, యాప్‌లోకి వెళ్లి తన అకౌంట్ నుంచి ఈ కారును తీసేయమనండి. ఫోన్‌లోంచి యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి "తీసేశాను సార్" అంటే ఒప్పుకోకండి. అకౌంట్ అలాగే ఉంటుంది, మళ్లీ వేసుకుంటే మళ్లీ కనపడతారు. ఆయన నానిస్తే ఆర్సీ, ఆధార్ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, యాప్‌లో ఓనర్‌షిప్ మార్చమని అడగండి. తర్వాత కారు స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ఒక్క రీసెట్‌తో సరిపెట్టుకోకండి, చాలా కార్లలో అది స్క్రీన్‌లో ఉన్నదాన్ని చెరిపేస్తుంది గానీ సర్వర్‌లో ఉన్న పేరును మార్చదు.

అమ్మేవాళ్లకూ ఇదే మాట. పోయిన ఏడాది మా స్నేహితుడు సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే తోడు వెళ్లాను. స్క్రీన్ మీద 'అమ్మ', 'పాలాయన', 'చిట్టీ మేడం' అని కాంటాక్టులన్నీ వరసగా ఉన్నాయి. మ్యాప్‌లో 'ఇల్లు' అని నొక్కితే పాత ఓనరు గుమ్మం దాకా దారి చూపిస్తోంది.

మనుషులు మంచివాళ్లే అనుకున్నా, డేటా దాచిన చోటికి తాళం ఉండాలి కదా. 2024 చివర్లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు చెందిన దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల వివరాలు క్లౌడ్‌లో రక్షణ లేకుండా పడి ఉన్నాయని జర్మనీలో బయటపడింది. చాలా కార్లు ఎప్పుడు ఎక్కడ ఆగాయో కూడా అందులో ఉంది. వాటిలో పోలీసుల కార్లు కూడా ఉన్నాయి!

ప్రశ్న: కారుకున్న ఫాస్టాగ్‌తో నేను ఎక్కడున్నానో ఇంట్లో వాళ్లకు తెలుస్తుందా? అది మా నాన్న నంబరు మీద ఉంది. (అనంతపురం, డిగ్రీ విద్యార్థి)

ఫాస్టాగ్‌లో జీపీఎస్ లేదు, బ్యాటరీ కూడా లేదు. టోల్‌గేటు దగ్గరున్న రీడర్ తరంగాలు తగిలినప్పుడే ఆ స్టిక్కర్ తన నంబరు చెబుతుంది, మిగతా దారంతా మూగదే. అయితే డబ్బు కట్ అయినట్టు వచ్చే మెసేజ్‌లో ప్లాజా పేరు, టైము ఉంటాయి. కర్నూలు వైపు వెళ్తే కాసేపల్లి, అమకతాడు అని, బెంగళూరు వైపు వెళ్తే మరూరు అని నాన్నగారికి వస్తుంది. లైబ్రరీలో ఉన్నానని చెప్పి మరూరు దాటకు బాబూ.

ప్రశ్న: యాప్ వేసుకుని జాగ్రత్తగా నడిపితే ప్రీమియం తగ్గుతుందని ఇన్సూరెన్స్ ఏజెంటు అంటున్నాడు. వేసుకోవచ్చా? (కడప పాఠకుడు)

2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రెండు రకాల పథకాలకు అనుమతి ఇచ్చింది. ఒకటి ఎంత దూరం తిరిగారన్నదాన్ని బట్టి, రెండోది ఎలా నడిపారన్నదాన్ని బట్టి. మొదటిదైతే నేను తీసుకుంటాను, కిలోమీటర్లు చెబితే పోయేదేమీ లేదు. రెండోదానికి మాత్రం మనసొప్పదు. సడన్ బ్రేక్ వేస్తే మొరటు డ్రైవింగ్ కింద లెక్క. కడప నుంచి రాయచోటి దారిలో గొర్రెల మంద అడ్డమొస్తే బ్రేక్ వేయక ఏం చేస్తాం? గొర్రెలు ఆ యాప్‌కు కనపడవు.

అమెరికాలో ఇంతకంటే ముదిరింది. జనరల్ మోటార్స్ కార్లు ఓనర్ల డ్రైవింగ్ వివరాలను డేటా కంపెనీలకు చేరవేస్తున్నాయని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ప్రీమియం ఎందుకు పెరిగిందా అని ఆరా తీసిన ఒకాయనకు తన ఆరు నెలల ప్రయాణాలే 130కి పైగా పేజీల రిపోర్టుగా చేతికొచ్చాయి. ఎప్పుడు బయల్దేరాడు, ఎన్నిసార్లు గట్టిగా బ్రేక్ వేశాడు, అన్నీ ఉన్నాయి. మన దగ్గర 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువిచ్చారు. అందుకని ఏజెంటును ఒక్కటే అడగండి: పాలసీ మానేస్తే నా డేటా చెరిపేస్తారా? కాగితం మీద రాసిస్తేనే నమ్మండి.

ప్రశ్న: భర్తతో కేసు నడుస్తోంది, విడిగా ఉంటున్నాను. లాయరు దగ్గరికి వెళ్లినా, అక్క ఇంటికి వెళ్లినా ఆయనకు తెలిసిపోతోంది. కారులో ఏమైనా పెట్టారేమోనని టెన్షన్‌గా ఉంది. (పేరు, ఊరు వద్దన్నారు)

అమ్మా, ముందు పైన కర్నూలు ఆయనకు చెప్పినదే చూడండి. కారు యాప్ అకౌంట్ మీ భర్త నంబరు మీద ఉంటే వేరే పరికరం పెట్టే పనే లేదు. మీ ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ ఆయనకు ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. తర్వాత స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, మెకానిక్ స్కానర్ పెట్టేది అక్కడే. దానికి ఏ డబ్బీ తగిలించి ఉన్నా అనుమానించండి. ఎయిర్‌ట్యాగ్ లాంటి, ఎక్కడుందో ఫోన్‌కు చెప్పే బిళ్ల దాచి ఉంటే ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ హెచ్చరిస్తాయి. సొంత సిమ్ ఉన్న జీపీఎస్ పరికరాన్ని అవి కనిపెట్టలేవు, దానికి మెకానిక్కే దిక్కు.

దొరికినా వెంటనే పీకేయకండి. సిగ్నల్ ఆగగానే పెట్టినవాళ్లకు తెలిసిపోతుంది. ఉన్నచోటే ఫొటో తీసి లాయరుకు చూపించండి, భయంగా ఉంటే 112కు గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. వెతికించడానికి కొత్త షెడ్డుకు వెళ్లకండి. ఆ కారులోనే వెళ్తున్నారు కాబట్టి షెడ్డు అడ్రసు కూడా అవతలివాళ్లకు కనపడుతుంది. ఎప్పుడూ ఇచ్చే చోటే, ఆయిల్ మార్చడానికి వదిలినట్టు వదిలి, మెకానిక్‌తో నోటిమాటగా చెప్పండి.