కప్పు మీది యాంటెన్నాకి 410 పౌండ్ల బిల్లు: కట్టాలా, అక్కర్లేదా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర 24 ఫ్లాట్ల బిల్డింగులో లీజ్‌హోల్డ్ ఫ్లాట్ (బిల్డింగు ఫ్రీహోల్డర్ అనే యజమానిది, ఫ్లాటు దీర్ఘకాలపు లీజు మీద మాది) కొనుక్కుని ఉంటున్నాం. అందరికీ కలిపి కప్పు మీద ఒకటే టీవీ యాంటెన్నా. 2020లో ఫ్రీవ్యూ (యాంటెన్నాతో ఉచితంగా వచ్చే టీవీ) ఫ్రీక్వెన్సీలు మార్చినప్పుడు మా టీవీలో సగం చానెళ్లు పోయాయి. ఎన్నిసార్లు రీట్యూన్ చేసినా తిరిగి రాలేదు. బిల్డింగు బాగోగులు చూసే మేనేజింగ్ ఏజెంట్‌కి రాస్తే "యాంటెన్నా బాగానే ఉంది, మీ టీవీ చూపించుకోండి" అన్నారు. ఏళ్లు గడిచాక, రెండేళ్ల కిందట యాంటెన్నా, యాంప్లిఫయర్ రెండూ మార్చారు. బొమ్మ బాగుపడింది. పోయిన నెల ఆ పనికి మా వాటా 410 పౌండ్లు కట్టమని కాగితం వచ్చింది. పనికి ముందు మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఈలోగా పక్క స్థలంలో పదిహేను అంతస్తుల బిల్డింగు లేస్తోంది, బొమ్మ మళ్లీ గళ్లు గళ్లుగా విరిగిపోతోంది. మూడు నెలల కిందట ఏరియల్ పనివాణ్ని పిలిస్తే ఇంట్లో బూస్టర్ బిగించి, క్రెడిట్ కార్డు మీద 240 పౌండ్లు తీసుకున్నాడు. తేడా ఏమీ లేదు. బొమ్మే రానప్పుడు టీవీ లైసెన్సు ఎందుకు కట్టాలని మావారు. మాతో ఉన్న అత్తయ్య, మామయ్య ఎలాగూ తెలుగు చానెళ్లు ఇంటర్నెట్‌లోనే చూస్తారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ 410 పౌండ్లు ఇప్పుడే కట్టకండి. అలాగని కాగితాన్ని సొరుగులో పడేసి ఊరుకోకండి. ఏజెంట్‌కి ఈ వారమే ఉత్తరం పెట్టాలి. ఏం రాయాలో చెప్పేముందు మీరు పంపిన ఫొటో సంగతి చెప్తాను.

2020లో ఎదుటి బ్లాకు మెట్ల మీంచి మీరు తీసిన ఆ ఫొటోని పెద్దది చేసి చూశాను. యాంటెన్నా అడ్డకడ్డీ చివర చిన్న ఆకుపచ్చ ప్లాస్టిక్ బిరడా ఉంది. ఇక్కడి యాంటెన్నాలకి ఆ రంగే గుర్తు. ఎరుపైతే 'ఎ' (A) గ్రూపు, 21 నుంచి 37 దాకా చానెళ్లు (టీవీ ఫ్రీక్వెన్సీలకి ఇచ్చిన నంబర్లు) పడుతుంది. పసుపైతే బి గ్రూపు, 35 నుంచి 53. ఆకుపచ్చ సి-డి గ్రూపు, అది 48 నుంచి 68 దాకా పట్టడానికి చేసినది. నలుపైతే వైడ్‌బ్యాండ్, అన్నీ పడతాయి. మొబైల్ కంపెనీలకి ఇవ్వడం కోసం 694 నుంచి 790 మెగాహెర్ట్జ్ దాకా, అంటే 49 నుంచి 60 వరకు ఉన్న టీవీ చానెళ్లని ఖాళీ చేయించే పని 2020 ఆగస్టుకి పూర్తయింది. 2021 మార్చిలో ఆ తరంగాలని ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ వేలం వేసింది. చానెళ్లు కిందికి దిగిపోతే మీ యాంటెన్నా పైకే చెవి పెట్టుకుని కూర్చుంది. దానికి తోడు పాత బిల్డింగుల్లో ఉమ్మడి యాంప్లిఫయర్‌ని ఫలానా చానెళ్లకే అని కట్టుదిట్టంగా బిగిస్తారు. తిరిగి అమర్చకపోతే కొత్తవాటిని అదే ఆపేస్తుంది. మీరు వంద సార్లు రీట్యూన్ చేసినా వచ్చేది కాదు. "యాంటెన్నా బాగానే ఉంది" అన్న మాట తప్పనడానికి ఆ ఆకుపచ్చ బిరడా చాలు. ఫొటో తీసిన తేదీతో సహా దాచుకోండి.

ఇప్పుడు బిల్లు. ముందు మీ లీజు తీసి సర్వీస్ చార్జి (బిల్డింగు ఉమ్మడి ఖర్చుల్లో మీ వాటా) షెడ్యూలు చదవండి. చాలా లీజుల్లో ఉమ్మడి టీవీ యాంటెన్నా పేరు పెట్టి రాసి ఉంటుంది. ఉంటే దాన్ని బాగుచెయ్యడం ఫ్రీహోల్డర్ పని, ఖర్చులో వాటా ఇవ్వడం మీ పని. ఫ్రీక్వెన్సీ మార్చింది ప్రభుత్వం కాబట్టి ఖర్చు మాకు పడకూడదని ఒకరిద్దరు క్లయింట్లు నాతో వాదించారు. లీజు ముందు ఆ వాదన నిలవదు. పనికిరాకుండా పోయిన యాంటెన్నా స్థానంలో పనిచేసేది పెట్టారు, అది హంగు కాదు, మరమ్మతే. దాని మీద కొట్లాడి మీ సమయం పాడుచేసుకోకండి.

కొట్లాడాల్సింది మరోచోట, తేదీ దగ్గర. ఇంగ్లండ్, వేల్స్‌లలో అమల్లో ఉన్న 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్‌లో సెక్షన్ 20బి అని ఒకటుంది. ఖర్చు పడిన నాటి నుంచి 18 నెలల లోపు డిమాండ్ (డబ్బు కట్టమనే కాగితం) పంపకపోతే ఆ డబ్బు మీ దగ్గర వసూలు చెయ్యడానికి లేదు. మీ పని జరిగి రెండేళ్లయింది, డిమాండ్ వచ్చింది పోయిన నెల. పైకి చూస్తే మొత్తం బిల్లు ఎగిరిపోవాలి. తొందరపడకండి, ఇందులో మూడు మెలికలున్నాయి.

మొదటిది, "ఖర్చు పడిన నాడు" అంటే పని జరిగిన నాడు కాదు. కాంట్రాక్టర్ ఇన్‌వాయిస్ ఇచ్చిన రోజు, లేదా డబ్బు చెల్లించిన రోజు. ఓ బిల్డింగులో ఈత కొలను నీళ్లు వేడిచెయ్యడానికి ఏళ్ల తరబడి కాల్చిన గ్యాసుకి బిల్లు ఆలస్యంగా వస్తే, 2013లో అప్పీలు కోర్టు ఈ సంగతే తేల్చి చెప్పింది. మీ కాంట్రాక్టర్ నిదానస్తుడై ఏడాది కిందటే ఇన్‌వాయిస్ ఇచ్చి ఉంటే ఏజెంట్ బతికిపోయినట్టే. రెండోది, ఆ 18 నెలల్లో "ఖర్చయింది, తర్వాత మీ వాటా అడుగుతాం" అని రాతపూర్వకంగా తెలియజేసి ఉంటే గడువు వాళ్లకి అడ్డు కాదు. మీ పాత ఈమెయిళ్లు, ఏడాది చివర వచ్చే లెక్కల కాగితాలు వెతకండి. అటువంటి వాక్యాలు సాధారణంగా మూడో పేజీలో అడుగున ఉంటాయి. మూడోది, మీరు ముందస్తుగా కడుతూ వచ్చిన సర్వీస్ చార్జిలోంచే ఆ ఖర్చు తీరిపోయి ఉంటే ఈ సెక్షన్ దాని జోలికే రాదు. మీకు విడిగా డిమాండ్ వచ్చింది కాబట్టి అలా జరగలేదనుకుంటున్నాను.

18 నెలల లెక్క మీకు అనుకూలంగా రాకపోయినా సెక్షన్ 20 ఉంది. ఒక్క ఫ్లాటు వాటా అయినా 250 పౌండ్లు దాటే పని చేయించాలంటే ముందు నోటీసులిచ్చి, మీ అభిప్రాయాలకి 30 రోజుల చొప్పున గడువిచ్చి, అంచనాలు చూపించాలి. అవేమీ చెయ్యకపోతే 250 పౌండ్లకి మించి తీసుకోకూడదు. మీ 410లో 160 అక్కడే తగ్గుతుంది. ఇక్కడా ఒక మాట దాచకుండా చెప్పాలి: సంప్రదింపుల నుంచి మినహాయింపు ఇమ్మని ఫ్రీహోల్డర్ ఇలాంటి తగాదాలు తేల్చే ప్రాపర్టీ ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. నోటీసు రానందువల్ల మీకు నిజంగా నష్టమేం జరిగిందో మీరు చూపించాలని 2013లో డేజన్ వర్సెస్ బెన్సన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అందుకని అదే పనికి వేరే ఇద్దరు యాంటెన్నా కాంట్రాక్టర్ల దగ్గర అంచనా రాయించుకోండి. వాళ్లు తక్కువ చెప్తే అదే మీ నష్టానికి లెక్క.

కాబట్టి ఉత్తరంలో ఇవి అడగండి: కాంట్రాక్టర్ ఇన్‌వాయిస్ నకలు, డబ్బు చెల్లించిన తేదీ, సెక్షన్ 20 నోటీసుల నకళ్లు. వచ్చిన డిమాండ్‌తో మీ హక్కులు, బాధ్యతలు చెప్పే నిర్ణీత కాగితం జతచేశారో లేదో కూడా చూడండి. లేకపోతే అది వచ్చేదాకా డబ్బు ఆపే హక్కు చట్టమే ఇచ్చింది. లీజు ప్రకారం యాంటెన్నా బాగుచెయ్యాల్సిన బాధ్యత వాళ్లదై ఉంటే, 2020 నుంచి మార్చేదాకా ఊరుకున్నందుకు మీకు రావలసిన పరిహారాన్ని ఈ బిల్లులోంచి తగ్గించమని కూడా రాయండి. పెద్ద మొత్తం వస్తుందని ఆశపెట్టను గాని, బేరానికి పనికొస్తుంది. ఒప్పుకోకపోతే సెక్షన్ 27ఏ కింద ప్రాపర్టీ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. లాయరు లేకుండా వెళ్లేవాళ్లే ఎక్కువ. వెళ్తే వాళ్ల కోర్టు ఖర్చులు మళ్లీ సర్వీస్ చార్జిలో మీ నెత్తినే రుద్దకుండా సెక్షన్ 20సి ఉత్తర్వు కూడా అడగడం మర్చిపోవద్దు.

కట్టకపోతే ఫ్లాటు లాగేసుకుంటాం అని బెదిరించే ఉత్తరం రావచ్చు. వాటిలో మాట ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. బాకీ ఎంతో మీరు ఒప్పుకుంటే తప్ప, లేదా ట్రిబ్యునలో కోర్టో తేలిస్తే తప్ప, సర్వీస్ చార్జి కోసం లీజు రద్దుకి వెళ్లలేరు. ఇల్లు అమ్మకానికి పెట్టడంవల్లో, నిద్ర పట్టకో కట్టేయాలనుకుంటే, "అభ్యంతరం అలాగే ఉంచుకుని కడుతున్నాను" అని రాసి కట్టండి. కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

బూస్టర్ మనిషి సంగతి తేలిక. బావిలో నీళ్లుంటేనే బొక్కెనలోకి వచ్చేది. కప్పు మీదికే సరైన సిగ్నల్ రాకపోతే గోడకి పెట్టిన పెట్టె దాన్ని పుట్టించలేదు, చెడ్డ సిగ్నల్‌ని చెడ్డగానే పెద్దది చేస్తుంది. 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం పనివాడు తగిన నేర్పుతో, జాగ్రత్తతో పనిచెయ్యాలి. పరీక్ష మీటరు కూడా పెట్టకుండా బూస్టర్ అమ్మాడంటే చెయ్యలేదనే అర్థం. పని మళ్లీ సరిగ్గా చెయ్యమనండి, కుదరకపోతే డబ్బు తగ్గించమనండి. మీ ఇంటికొచ్చి ఒప్పందం చేసుకున్నాడు కనుక 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కుందని రాసిచ్చాడా? ఇవ్వకపోతే ఆ గడువు మరో పన్నెండు నెలలు సాగే వీలుంది. అత్యవసర మరమ్మతుకి మీరే పిలిచారని అతనంటే మాత్రం చిక్కే. అతను పలక్కపోతే మీ క్రెడిట్ కార్డు కంపెనీ మీదికే వెళ్లండి. 100 పౌండ్లు దాటిన కొనుగోలుకి 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద వాళ్లదీ సమాన బాధ్యత.

పక్క బిల్డింగు విషయంలో మీకు నచ్చని జవాబే ఇవ్వాలి. లండన్ డాక్‌లాండ్స్‌లో కెనరీ వార్ఫ్ టవరు లేచినప్పుడు వందలమంది ఇళ్లల్లో టీవీ దెబ్బతింది. సుమారు 235 మీటర్ల ఎత్తు, ఒళ్లంతా స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. క్రిస్టల్ ప్యాలెస్ ప్రసార టవరు నుంచి వచ్చే సిగ్నల్‌కి అదో గోడ. జనం కోర్టుకెళ్లారు. 1997లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదు పొమ్మంది. తన స్థలంలో ఇల్లు కట్టుకున్నవాడు పక్కవాడికి కనిపించే దృశ్యాన్ని అడ్డుకుంటే ఎలా తప్పు కాదో, సిగ్నల్‌ని అడ్డుకున్నా అంతే అని తీర్పు. ఏళ్ల తరబడి కిటికీలోంచి వచ్చే వెలుతురు మీద ఈ దేశంలో హక్కు పుడుతుంది గాని, టీవీ తరంగాల మీద పుట్టదు. నాకైతే ఆ తేడా ఇప్పటికీ మింగుడు పడదు.

అయినా ఒక దారి ఉంది. మీ కౌన్సిల్ వెబ్‌సైటులో ఆ బిల్డింగు ప్లానింగ్ అనుమతి తెరిచి షరతుల జాబితా చదవండి. ఎత్తైన కట్టడాలకి అనుమతిచ్చేటప్పుడు, కట్టకముందూ కట్టాకా టీవీ రిసెప్షన్ కొలిపించాలని, దెబ్బతింటే బిల్డరే సొంత ఖర్చుతో సరిచెయ్యాలని తరచు షరతు పెడతారు. ఆ షరతు ఉంటే బిల్డర్‌ని వదిలి కౌన్సిల్ ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి రాయండి. బొమ్మ ఏ రోజు, ఏ టైముకి, ఏ చానెల్లో విరిగిందో ఓ పది రోజులు కాగితం మీద రాసి జతచెయ్యండి. క్రేను తిరిగే గంటల్లోనే విరుగుతోందా అన్నది అందులో తేలిపోతుంది. క్రేనుతో సంబంధం కనిపించక, దగ్గర్లో కొత్త మొబైల్ టవరు వచ్చి ఉంటే కారణం అదీ కావచ్చు. దానికి మొబైల్ కంపెనీల డబ్బుతో నడిచే రిస్టోర్ టీవీ అనే సేవ ఉంది. ఉమ్మడి యాంటెన్నా కాబట్టి అక్కడికి ఏజెంట్ చేతే రాయించండి.

ఇక లైసెన్సు. మీవారికి ఇది చూపించండి. టీవీ లైసెన్సు బొమ్మ వస్తుందన్న హామీ కాదు, చూడడానికి అనుమతి మాత్రమే. ఫ్రీవ్యూ రాలేదని వాపసు ఇవ్వరు. అంతకంటే ముఖ్యం, మన వాళ్లు చాలామంది పొరబడేది, ప్రత్యక్షంగా ప్రసారమవుతున్న ఏ చానెల్ చూసినా లైసెన్సు కావాలి. అది హైదరాబాద్ చానెలైనా, యాంటెన్నా లేకుండా ఫోనులో చూసినా అంతే. ఇండియాలో రాత్రి 7:30కి వచ్చే సీరియల్ ఇక్కడ చలికాలంలో మధ్యాహ్నం 2 గంటలకి, వేసవిలో 3 గంటలకి పడుతుంది. అత్తయ్యగారు ఆ టైముకి లైవ్ పెట్టుకుంటే ఇంటికి లైసెన్సు ఉండాల్సిందే, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లయింది. లేకుండా దొరికితే జరిమానా 1,000 పౌండ్ల దాకా వెయ్యొచ్చు. అదే ఎపిసోడ్‌ని ప్రసారం అయిపోయాక రాత్రి భోజనాలప్పుడు చూస్తే, ఇంట్లో ఎవరూ ఏ చానెలూ లైవ్‌లో చూడకపోతే, బీబీసీ ఆన్‌లైన్ సేవ ఐప్లేయర్ తెరవకపోతే, అక్కర్లేదు. మధ్యాహ్నం సీరియల్ రాత్రికి వాయిదా వెయ్యమని ఆవిణ్ని ఒప్పించే బాధ్యత మాత్రం మీవారిదే.